గోటి గాటు

గజాలా షూషాన్‌ని గడప బయటే నిలబెట్టింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. మనిషిని ఎండలో అలా వదిలేసి, తన తల్లి ఇచ్చిన మట్టికుండ గురించి వీధంతా వినేలా చెబుతోంది. నలభై ఏళ్ళుగా శుక్రవారం శుక్రవారం కూస్కూస్ రవ్వకి ఆవిరి పట్టిన కుండ అట అది. దాన్ని తన చేతులతో తనే గోడకేసి కొట్టుకుందట. షూషాన్ తల వంచుకుని వింటున్నాడు. ఆమె ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడల్లా "మన్నించు పిన్నీ" అంటున్నాడు. ఆమె మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంటోంది.

ఎదురింటి పెరట్లో, ఓరగా తెరిచిన నీలం తలుపు వెనక, మఖ్లూఫ్ సానరాయి ముందు కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. చూడ్డానికి బాగాలేక రాతికేసి తిరిగాడు, మళ్ళీ చూశాడు.

ఆ రోజుల్లో పెద్ద హారా అనే ఆ యూదుల పేటలో అందరూ మన్నింపులు అడుక్కునేవారే. కొత్త సంవత్సరం వెళ్ళింది, ప్రాయశ్చిత్తదినం కిప్పూర్ వస్తోంది. దేవుడి పట్ల చేసిన తప్పుల్ని కిప్పూర్ ఉపవాసం కడుగుతుంది గానీ, సాటిమనిషికి చేసిన తప్పు ఆ మనిషి నోరారా మన్నిస్తే తప్ప పోదు. అందుకని వీధిమలుపులో ఎదురుపడ్డప్పుడు కూడా "మన్నించవోయ్" అని ఒకడంటాడు, "మన్నించాను, మన్నించాను, మన్నించాను" అని రెండోవాడు మూడుసార్లు గబగబా అనేస్తాడు, ఇద్దరూ కలిసి ఈ ఏడు ఖర్జూరం ఎలా ఉందన్న మాటల్లో పడిపోతారు. ఏం తప్పు చేశావని ఎవరూ ఎవర్నీ అడగరు. షూషాన్ అలా కాదు. తను కోసిన మాంసం తిన్న డెబ్భై ఇళ్ళకీ తలుపు తలుపుకీ వెళ్ళి, చేసిన తప్పు పేరుపెట్టి చెప్పి మరీ అడుగుతున్నాడు.

ఆ తప్పు కనిపెట్టింది మఖ్లూఫే. హారాకి కోళ్ళనీ మేకల్నీ శాస్త్రప్రకారం కోసేది, ఎనిమిదో రోజున మగపిల్లలకి సున్నతి చేసేది వాళ్ళిద్దరే. నెల కిందట మందిరం ముందు, షూషాన్ కోత ముగించాక, మఖ్లూఫ్ పెద్దరికంగా అతని కత్తి అందుకుని గోటిమీద ఒక్కసారి జరిపి, అంచుకి గాటు ఉందన్నాడు. గాటున్న కత్తితో చేసింది కోత కాదు, చంపడం. ఆ మాంసం కళేబరంతో సమానం. తనకి తగల్లేదని షూషాన్ అన్నాడు. "నీ వేలు మొద్దువేలు, నీకేం తగుల్తుంది?" అని అందరిముందూ కసిరి, హారా మతగురువు రిబ్బి ఖమూస్ చూద్దామని చెయ్యి చాపేలోగానే మఖ్లూఫ్ ఆ కత్తిని గడపరాతి మీద కొట్టి రెండుముక్కలు చేశాడు. ఆ వారం హారాలోని ఇనుపగిన్నెలన్నీ సలసలకాగే నీళ్ళలో మునిగాయి. మట్టికి శుద్ధి లేదు గనక మట్టికుండలన్నీ పగిలాయి.

ఇప్పుడు మఖ్లూఫ్ తన కత్తి నూరుకుంటున్నాడు. మొనలేని వెడల్పాటి కోళ్ళకత్తి. రాతిమీద రెండు చుక్కలు ఆలివ్ నూనె వేసి, చెయ్యి ఎక్కడా బరువు పెట్టకుండా ఇటు పదిసార్లు, అటు పదిసార్లు నడిపాడు. గుడ్డతో తుడిచాడు. ఎడమ చూపుడువేలి కొసమీద, ఆ తర్వాత గోటిమీద అంచుని నెమ్మదిగా జరిపాడు. సగం జరిగేసరికి ఏదో తట్టింది. వెంట్రుకవాసి. మళ్ళీ నూరి మళ్ళీ చూశాడు. ఈసారి ఇంకా ముందే తట్టింది. పెట్టెలోంచి మేకలకత్తి తీశాడు, అదీ తట్టింది. ముఖ్‌మల్ గుడ్డలో చుట్టిపెట్టిన సున్నతికత్తి తీశాడు, దాన్ని రాతికి తాకించి ఆర్నెల్లయింది, అదీ తట్టింది.

గాటున్న కత్తి ఒక్కచోటే తడుతుంది. ఇవి ఎక్కడ ఆనించినా తడుతున్నాయి. కోళ్ళకత్తిని ఉంగరంవేలి గోటిమీద పెట్టి జరిపాడు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెన్నలో జరిగినట్టు జరిగింది.

చూపుడువేలిని ఎండలోకి చాపాడు. నలభై ఏళ్ళుగా అంచుల్ని పరీక్షించిన గోరు అది. దాని మీద అడ్డంగా, దువ్వెనపన్నుతో గీసినట్టు, సన్నటి గీత.

లేచి, మెట్లకింద పాతఇనుము డబ్బాలోంచి, ఆవేళ తెచ్చి పడేసిన షూషాన్ కత్తిముక్కలు రెండూ వెతికి తీశాడు. ఉంగరంవేలి మీద ఒక్కొక్క ముక్కనీ విరిగిన అంచుదాకా పన్నెండుసార్లు నడిపాడు. ఎక్కడా ఏమీ లేదు. ఆవేళ మొదటిసారి తట్టగానే ఆగిపోయాడు. రెండోసారి చూడవలసింది, చూడలేదు. తన గోటిమీద అంత నమ్మకం.

భార్య గమ్రా టీగ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. "ఏమయ్యా, ఆ గోరేమన్నా ఇవాళే మొలిచిందా, అంత మురిపెంగా చూసుకుంటున్నావ్?" అంది. మఖ్లూఫ్ పిడికిలి మూశాడు. కత్తిముక్కల్ని గుడ్డకింద దాచాడు.

గజాలా ఎట్టకేలకు "మన్నించాలే, పో" అన్నట్టుంది. షూషాన్ వీధి దాటి తిన్నగా ఈ తలుపు దగ్గరికే వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, నెలరోజుల్లో మెడ నరాలు తేలాయి. లోపలికి వచ్చి కూర్చోలేదు.

"బాబాయ్, ఆవేళ మీరు కనిపెట్టకపోతే ఇంకా ఎంతమందికి కళేబరం తినిపించేవాణ్ణో. పైగా నాకు తగల్లేదని అందరిముందూ మీకు ఎదురుచెప్పాను. మన్నించండి."

"షూషాన్, ఇలా కూర్చో. నీతో ఒక మాట..."

"ముందు మన్నించానని అనండి. ఆ మాట వింటేగానీ ఏ మాటా నా చెవికెక్కదు."

మఖ్లూఫ్ చెప్పాలనే అనుకున్నాడు. కానీ గమ్రా వెనకనుంచి, అనవయ్యా, మనిషిని ఎంతసేపు నిలబెడతావు అని తొందరపెట్టింది. గజాలా ఎదురుగుమ్మంలో నడుంమీద చేతులేసుకుని చూస్తోంది. ఆమె చూస్తుండగా తన గోటి సంగతి చెప్పడమా? మఖ్లూఫ్ నోటివెంట మన్నించానన్న మాట వచ్చేసింది. ఒకసారి కాదు, మూడుసార్లూ వచ్చింది. తప్పు చేసినవాడు, నింద పడ్డవాణ్ణి పెద్దమనసుతో మన్నించాడన్నమాట.

షూషాన్ మొహం కాస్త తేటపడింది. అప్పుడు అసలు పని చెప్పాడు. కొత్త సంవత్సరం రెండోరోజున తన భార్య హనీనాకి కొడుకు పుట్టాడు కదా, ఏడేళ్ళ తర్వాత పుట్టిన పిల్లాడు. కిప్పూర్‌కి ముందురోజు పొద్దున ఎనిమిదో రోజవుతుంది.

"వాడికి సున్నతి చేసి దేవుడి నిబంధనలో చేర్చాల్సింది తండ్రిగా నేను. పని తెలిసినవాణ్ణి కూడాను. వాడు కడుపులో పడ్డప్పటినుంచీ అదే అనుకున్నా, నా చేత్తోనే అని. కానీ ఈ వేలితో నా కొడుకు మీద కత్తి పెట్టలేను బాబాయ్. మీరు చెయ్యండి."

మఖ్లూఫ్ తలూపాడు. ఊపడం తప్ప ఇంకేదీ చాతకాలేదు.

*

మర్నాడు సాయంత్రం ప్రార్థన ముగిసి అందరూ వెళ్ళిపోయాక, మఖ్లూఫ్ మందిరంలో రిబ్బి ఖమూస్ చాప పక్కన చేరాడు. ఏదీ దాచకుండా చెప్పాడు. రిబ్బి కళ్ళకి పొరలు కమ్మాయి, ఆయన వేళ్ళతోనే చూస్తాడు. మఖ్లూఫ్ వేలిని తన రెండువేళ్ళ మధ్య పట్టుకుని గోటిని తడిమి, చాలాసేపు వదల్లేదు.

"ఎప్పట్నుంచి ఉంది ఇది?"

"తెలీదు రిబ్బీ."

"లేని గాటు ఉందన్న గోరు, ఉన్న గాటు లేదని మాత్రం అనదా?"

మఖ్లూఫ్ ఆ సంగతి ఆలోచించకపోలేదు. ఆలోచించినకొద్దీ తన నలభై ఏళ్ళ కోతా కాళ్ళకింద ఇసుకలా జారిపోతోంది.

రిబ్బి తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఇంకో మూడు రోజుల్లో ప్రాయశ్చిత్తం కోళ్ళు కోయాలి, ఇంటికి నాలుగో ఐదో, మూడువందల పైచిలుకు. ఈ సంగతి ఇప్పుడు బయటపడితే ఒక్క ఇల్లాలూ కోడి పట్టుకురాదు. ఉపవాసానికి ముందు తినవలసిన భోజనం ఏ ఇంట్లోనూ ఉండదు. మొన్ననే కుండలు పగలగొట్టుకున్నవాళ్ళు మళ్ళీ ఏం పగలగొట్టాలో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. కిప్పూర్ వెళ్ళిపోనీ, అప్పుడు చూద్దాం. నాలుగు రోజుల్లో షూషాన్‌కి పోయేదేముంది?

"ఆ నాలుగు రోజులే కదా రిబ్బీ, అతను తలుపు తలుపుకీ తిరిగేది. మనిషికి చేసినదాన్ని కిప్పూర్ కడగదు కదా."

"ఆ మాట నీకు నేర్పింది నేను. నాకు అప్పజెప్పకు." రిబ్బి గొంతు కరుకుగా ఉంది గానీ, చేతివెనకతో కళ్ళు తుడుచుకున్నాడు. "అతనొక్కడికీ కావాలంటే చెప్పుకో. హారాకి వద్దు."

మఖ్లూఫ్ సరేనని లేచాడు. బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ సంగతి గమనించుకుని అతనికే రోత పుట్టింది. నోరు మూసుకోమని పెద్దాయనే చెప్పాడు గనక, తనది తప్పు కాదన్నట్టు ఒళ్ళంతా తేలికపడింది మరి.

ఒంటరిగా చెప్పడానికి రెండు రోజులున్నాయి. షూషాన్ ఇప్పుడు బావమరిది వెండికొట్లో గాజులకి మెరుగు పెడుతున్నాడు. మొదటిరోజు మఖ్లూఫ్ ఆ కొట్టుదాకా వెళ్ళి, లోపల నలుగురున్నారని తిరిగొచ్చాడు. రెండోరోజు ఇంటికి వెళ్తే, షూషాన్ మన్నింపులకి వెళ్ళాడని, ఇంకా పదకొండు ఇళ్ళున్నాయని బాలింత పక్కమీంచే హనీనా చెప్పింది. అతని కోసం వెతకొచ్చు. హారా ఎంత పెద్దదని? మఖ్లూఫ్ వెతకలేదు.

*

కోళ్ళ రోజున మందిరం వెనక పెరడంతా ఈకలు. ఆడవాళ్ళు కాళ్ళు కట్టిన కోళ్ళని చంకల్లో పెట్టుకుని గోడ చుట్టూ బారులు తీరారు. మగవాడికి పుంజు, ఆడదానికి పెట్ట. కోడిని తలచుట్టూ మూడుసార్లు తిప్పి, ఇది నాకు మారు, ఇది నాకు బదులు, ఇది నాకు ప్రాయశ్చిత్తం అనుకుని మఖ్లూఫ్ చేతికి ఇస్తారు. మఖ్లూఫ్ రెక్కలు రెండూ వెనక్కి మడిచి ఎడమచేత్తో పట్టుకుని, మెడమీది ఈకలు నాలుగు పీకి, ఒకే ఊపున కత్తి ముందుకీ వెనక్కీ నడిపి, బూడిద పోసిన గుంటలో నెత్తురు పడేలా వంచుతాడు. ఎన్నో ఏళ్ళ పని. చేతికి దానంతటదే వస్తోంది. అంచుని మాత్రం ఉంగరంవేలితో చూస్తున్నాడు. రిబ్బి ముసలితనం పేరు చెప్పి పక్కనే పీట వేయించుకుని, పది కోళ్ళకోసారి కత్తి అడిగి తీసుకుని తన గోటిమీద తనే చూసుకుంటున్నాడు. రిబ్బికి పనిపిచ్చి పట్టిందని ఆడవాళ్ళు నవ్వుకున్నారు.

షూషాన్ అందరికంటే చివర నిలబడ్డాడు. తనకో పుంజు, హనీనాకో పెట్ట, పిల్లాడికి మరో చిన్న పుంజు. ముందుకి రమ్మన్నా రాలేదు. పెరడు ఖాళీ అయ్యాక, పుంజుని తలచుట్టూ తిప్పుతూ ఆ మాటలు ఎంత నెమ్మదిగా అన్నాడంటే, దేవుడికి వినపడవేమోనన్న భయంతో ఒక్కొక్కటీ విడదీసి అంటున్నట్టుంది. కళ్ళవెంట నీళ్ళు కారి గడ్డంలోకి దిగుతున్నాయి. ఏ పాపమూ ఎరగని మనిషి.

కోడిని అందుకుంటూ మఖ్లూఫ్ అతని చేతిని చూశాడు. చూపుడువేలి కొసన తోలు లేచిపోయి, పచ్చిపుండు ఎర్రగా మెరుస్తోంది.

"ఏమిటిది?"

షూషాన్ సిగ్గుపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "మొద్దువేలు అన్నారు కదా బాబాయ్. పైతోలు అరగదీస్తే పదును తెలుస్తుందేమోనని రోజూ రాతికి రుద్దుతున్నా. ఇంకా లాభం లేదు. వెండికొట్లో గాజు పట్టుకున్నా గాట్లే తగుల్తున్నాయి, గాట్లు లేవని బావమరిది తిడతాడు. అప్పుడు తగలాల్సింది తగల్లేదు, ఇప్పుడు లేనివన్నీ తగుల్తున్నాయి."

మఖ్లూఫ్ చేతిలో పుంజు గింజుకుంది. ఇప్పుడు, ఇక్కడే చెప్పెయ్యి అని తనని తను గట్టిగా అదిలించుకున్నాడు. పెరట్లో ఇంకెవరూ లేరు, రిబ్బి తప్ప. రిబ్బి పొరలు కమ్మిన కళ్ళతో ఇటే చూస్తున్నాడు. మఖ్లూఫ్ కత్తి నడిపాడు. ఒకటి, రెండు, మూడు. మూడోది పిల్లాడి పుంజు. షూషాన్ వాటిని తీసుకుని, చేతులు కడుక్కుని, మీ రుణం తీర్చుకోలేనని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మాట విన్నాక మఖ్లూఫ్‌కి అన్నం సహించలేదు. ఏమయిందని గమ్రా అడిగితే ఆమెకి చెప్పేశాడు. గమ్రా ఏడవలేదు, తిట్టలేదు. "ఆవేళ మన్నించమని నిన్ను తొందరపెట్టింది నేనే కదా" అని మాత్రం అని, దీపం దగ్గర కూర్చుని ఆ గోటిని మొదలంటా కత్తిరించింది.

*

కిప్పూర్‌కి ముందురోజు పొద్దున షూషాన్ ఇంటి ముందరిగది నిండిపోయింది. ఇంత మంది వస్తారని అతను అనుకున్నట్టు లేదు. గోడవారన, ప్రతి సున్నతికీ ఖాళీగా ఉంచే ఏలీయా ప్రవక్త కుర్చీకి పట్టుగుడ్డ కప్పారు. దాని పక్కన రిబ్బి కూర్చున్నాడు, ఆయన ఒళ్ళో తలగడ. ఆడవాళ్ళంతా లోపలిగది గుమ్మంలో ఒకరిమీద ఒకరు పడుతున్నారు, గజాలా అందరికంటే ముందు. పిల్లాణ్ణి చేతులు మార్చుకుంటూ తెచ్చి తలగడమీద పెట్టారు. వాడు నిద్రలో పెదాలు చప్పరిస్తున్నాడు.

షూషాన్ సున్నతికత్తిని రెండుచేతులతో పట్టుకుని, పుండువేలు తగలకుండా, మఖ్లూఫ్ ముందుకి చాపాడు. "నా విధి ఇది. నా బదులు నువ్వు చెయ్యి" అని తండ్రి అనవలసిన మాట అన్నాడు. మఖ్లూఫ్ కత్తి అందుకున్నాడు. ఇక అతను ఆశీర్వచనం చదవాలి, అబ్రహాము నిబంధనలో ఈ బిడ్డని చేర్చమన్న నీకు స్తుతి అని. వేలసార్లు చదివినదే. నోరు తెరిచాడు. దేవుడి పేరు నాలుకమీదికి రాలేదు.

కత్తిని తలగడ పక్కన పెట్టేశాడు.

"ఈ పిల్లాడి తండ్రి కత్తికి ఏ గాటూ లేదు" అన్నాడు. "గాటు నా గోటికి ఉంది. ఐదు రోజులుగా తెలుసు నాకు. తెలిసే ఇతన్ని మీ గుమ్మాల్లో నిలబడనిచ్చాను."

ఆ తర్వాత మిగిలినదంతా చెప్పాడు. విరిగిన కత్తిని పరీక్షించిన సంగతి, షూషాన్‌ని తను మన్నించిన సంగతి, కోళ్ళపెరట్లో నోరు మూసుకున్న సంగతి. నోరు మూసుకోమంది నేనే అని రిబ్బి మధ్యలో గట్టిగా అన్నాడు. నిన్న కోసిన ప్రతి కోడికీ తన గోటితోనే కత్తి చూశానని, ఎవరూ భయపడొద్దని కూడా అన్నాడు. గుమ్మంలోంచి గజాలా, "అయితే నా కుండ..." అని మొదలుపెట్టి, షూషాన్ మొహం చూసి ఊరుకుంది.

షూషాన్ తన వేలికొస చూసుకుంటున్నాడు.

"అంటే ఆవేళ నాకు తగల్లేదంటే, నిజంగానే అక్కడ ఏమీ లేదా?"

"లేదు నాయనా. నీ వేలు నిజం చెప్పింది. మొద్దు నీ వేలు కాదు, నేను." మఖ్లూఫ్ మోకాళ్ళమీద కూలబడ్డాడు. "నీ కత్తి విరిచాను. నీ పేరు చెడగొట్టాను. నీ తప్పు కానిదానికి నిన్ను డెబ్భై గుమ్మాలు తిప్పాను. మన్నించు."

జనం మన్నించమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మఖ్లూఫ్ రెండోసారి అడిగాడు, మూడోసారి అడిగాడు. అప్పుడు షూషాన్ వంగి, అతని చంకలకింద చేతులేసి లేపి నిలబెట్టాడు.

"మన్నించాను" అన్నాడు. ఆగి, మళ్ళీ అన్నాడు. మూడోసారీ అన్నాడు. అది వీధిమలుపులో అనేసే మాట కాదని అక్కడున్న అందరికీ తెలుసు. మగవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. గదికి పట్టిన బిగువు సడలింది. ఎవరో లోపలికి కేకేసి వైన్ గిన్నె తెమ్మన్నారు.

రిబ్బి చెయ్యి చాపి కత్తిని వెతికి పట్టుకున్నాడు. "ఇంకేముంది. తండ్రి ఉండగా ఇంకొకరెందుకు? ఇది నీ విధి షూషాన్, నీ కొడుకు. రా." తన గోటిమీద ఒకసారి జరిపి చూసి అతనికి అందించాడు.

షూషాన్ ముందుకొచ్చాడు. కుడిచేత్తో కత్తి పట్టుకోవడంలోనే పనివాడి తీరు కనిపించింది, నెల విరామం ఎక్కడా తెలియలేదు. మఖ్లూఫ్ గోడకి ఆనుకుని, అమ్మయ్య, అయిపోయింది అనుకున్నాడు. షూషాన్ ఎడమ ఉంగరంవేలి గోటిమీద అంచు ఆనించి, కళ్ళు మూసుకుని జరిపాడు. సగంలో ఆగాడు.

"ఉంది" అన్నాడు.

రిబ్బి కత్తి తీసుకుని మళ్ళీ చూశాడు. లేదన్నాడు, వెన్నలా ఉందన్నాడు. షూషాన్ మధ్యవేలిమీద చూశాడు. చిటికెనవేలిమీద చూశాడు. కత్తి చెయ్యి మార్చుకుని కుడివేళ్ళమీద చూశాడు. ప్రతి వేలిమీదా ఒకచోట ఆగిపోతున్నాడు. చెమట ముక్కుచివర చేరి బొట్టుబొట్టుగా పడుతోంది. ఎవరిమీదా కోపం లేదు ఆ మొహంలో, కక్ష లేదు. తప్పుచేసినవాడిలాగ అందరికేసీ చూశాడు.

"నాకు తగుల్తోంది రిబ్బీ. లేదని మీరంటే లేదనే నమ్ముతాను. కానీ నాకు తగుల్తోంది."

"లేదు నాయనా."

"లేదు. తెలుసు." ఇంకొక్కసారి జరిపాడు. తల అడ్డంగా ఊపి, కత్తిని గుడ్డమీద పెట్టి, రెండుచేతులూ చంకల్లో దాచుకున్నాడు.

మఖ్లూఫ్‌ని చెయ్యమనడానికి ఇప్పుడు ఎవరికీ నోరు రాలేదు. అతనూ ముందుకి రాలేదు. పక్క ఊరు చిన్న హారాలో సున్నతి చేసే మనిషి ఉన్నాడు. బండి కట్టించి పంపారు. పోను ఒక గంట, రాను ఒక గంట, పొద్దు వాలేలోగా వస్తే చాలు, నిబంధన తప్పదు. జనం ఒక్కొక్కళ్ళే ఉపవాసానికి ముందు భోజనం ఏర్పాట్లు ఉన్నాయని గొణుగుతూ జారుకున్నారు. వెళ్తూ వెళ్తూ గజాలా తన పైబట్ట తీసి పిల్లాడిమీద కప్పి వెళ్ళింది.

మఖ్లూఫ్ గోడవారనే కూర్చుండిపోయాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. షూషాన్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మన్నించానని చెప్పాను కదా బాబాయ్. మూడుసార్లూ మనస్ఫూర్తిగానే చెప్పాను."

"తెలుసు నాయనా."

"మరి మీకు ప్రాయశ్చిత్తం అయినట్టే."

పిల్లాడు నిద్రలేచి ఏడుపు అందుకున్నాడు. లోపలినుంచి హనీనా, అయిపోయిందా, వాడికి పాలివ్వనా అని అడిగింది. ఇంకా కాలేదని షూషాన్ చెప్పాడు.